డేటాబేస్‌లో చిరునామా మార్చాక విడ్జెట్లు మాయమయ్యాయి: డబ్ల్యూపీ-సీఎల్ఐతో సరిచేయవచ్చా?

ప్రశ్న

నమస్కారం. మా బాబాయి పద్యసాహిత్యం మీద రాసిన వ్యాసాల వర్డ్‌ప్రెస్ సైటును నేను చూసుకుంటున్నాను. గత వారం దానిని కొత్త సర్వరుకు, కొత్త చిరునామాకు మార్చాను. పాత డేటాబేస్‌ను ఎస్‌క్యూఎల్ ఫైలుగా దింపుకొని, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, పాత చిరునామా ఉన్న ప్రతిచోటా కొత్తది పెట్టి, కొత్త సర్వరులో ఎక్కించాను. వ్యాసాలన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. కానీ పక్కపట్టీలోని విడ్జెట్లు ఒక్కటీ లేవు. థీమ్‌లో పెట్టుకున్న రంగులు, పైబొమ్మ పోయాయి. పేజీలను తీర్చిదిద్దే ఎలిమెంటర్ ప్లగిన్‌తో చేసిన రెండు పేజీలలో బొమ్మలు రావడం లేదు. మార్చకముందు దింపిన అసలు ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. సర్వరు ఉబుంటు, వర్డ్‌ప్రెస్‌ను టెర్మినల్ ఆదేశాలతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ అందులో ఉంది, కానీ నేను దానిని ఇంతవరకు ముట్టుకోలేదు. దానితో ఇది బాగుపడుతుందా? అన్నట్టు, సైటు మారిన తరువాత మూడు కొత్త వ్యాసాలు కూడా పెట్టాను.

మొదటి జవాబు

బాగుపడుతుంది. అసలు ఫైలును దాచుకోవడం వలన మీ పని సగం తగ్గింది.

ముందు జరిగినదేమిటో చెబుతాను, ఎందుకంటే అది అర్థం కాకపోతే రేపు ఇంకొక సైటు దగ్గర ఇదే పొరపాటు మళ్లీ జరుగుతుంది. వ్యాసం పాఠాన్ని వర్డ్‌ప్రెస్ ఉన్నదున్నట్టుగా దాస్తుంది కాబట్టి అక్కడ చిరునామా మారితే ఏ నష్టమూ లేదు. విడ్జెట్లు, థీమ్ అమరికలు అలా కాదు. అవి వర్డ్‌ప్రెస్‌ను రాసిన భాష అయిన పీహెచ్‌పీ సీరియలైజ్ చేసిన రూపంలో, అంటే అనేక అమరికలను ఒకే పాఠంగా పేర్చిన రూపంలో ఉంటాయి. ఆ రూపంలో ప్రతి మాటకు ముందు దాని పొడవు అంకెలో రాసి ఉంటుంది. మీ పాత చిరునామా 24 అక్షరాలు, కొత్తది 31 అనుకోండి: ఎడిటర్ చిరునామాను మార్చింది గాని దాని ముందున్న 24ను అలాగే వదిలేసింది. చదవబోయిన పీహెచ్‌పీకి లెక్క కుదరలేదు, కనుక ఆ అమరిక మొత్తాన్నీ చెల్లదని తోసిపుచ్చింది. ఒక్క చిరునామా లెక్క తప్పితే, దానితో పాటు అదే అమరికలో ఉన్న రంగులు, శీర్షికలు కూడా పోతాయి.

ఆ అంకెలను చేత్తో దిద్దుకుందామని మాత్రం అనుకోవద్దు. అది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తు కూడా విడి సంకేతమే. అందువలన ‘తెలుగు’ అనే మాట మన కంటికి మూడక్షరాలైనా అక్కడ 18 అని ఉంటుంది. తెలుగు సైటులో ఆ దిద్దుబాటు తలనొప్పి తప్ప మరొకటి కాదు.

కాబట్టి చెడిన డేటాబేస్‌ను బాగుచేయడం మానేసి, అసలు ఫైలును తిరిగి ఎక్కించి, చిరునామాను డబ్ల్యూపీ-సీఎల్ఐ చేతనే మార్పించండి. సీరియలైజ్ అయిన సమాచారాన్ని అది విప్పి, మార్చి, పొడవును తిరిగి లెక్కించి పెడుతుంది. తిరిగి ఎక్కిస్తే మీ మూడు కొత్త వ్యాసాలు పోతాయి కనుక వాటి పాఠాన్ని ముందే వేరే ఫైలులో దాచుకోండి. ముప్ఫై ఉంటే ఎగుమతి పద్ధతి చెప్పేవాణ్ణి. మూడింటికి నకలు తీసుకుంటే చాలు.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలలో కొట్టాలి. ముందుగా ఇప్పుడున్న స్థితిని, అది చెడినదే అయినా, ‘డబ్ల్యూపీ డీబీ ఎక్స్‌పోర్ట్’తో దింపుకోండి. తరువాత ‘డబ్ల్యూపీ డీబీ ఇంపోర్ట్’ అని అసలు ఫైలు పేరు ఇవ్వండి. ఆ పైన అసలు పని:

డబ్ల్యూపీ సెర్చ్-రీప్లేస్ '//పాతచిరునామా' '//కొత్తచిరునామా' --స్కిప్-కాలమ్స్=గైడ్ --ఆల్-టేబుల్స్-విత్-ప్రిఫిక్స్ --డ్రై-రన్

చివరనున్న డ్రై-రన్ ఉన్నంతవరకు ఏమీ మారదు. ఏ పట్టికలో, ఏ నిలువు వరుసలో ఎన్ని మార్పులు జరుగుతాయో లెక్క మాత్రం చూపుతుంది. ఆ లెక్క చూడకుండా అసలు ఆదేశం నడిపేవారిని నేను సమర్థించలేను. గైడ్ అనే నిలువు వరుసను వదలమనడానికి కారణం ఉంది: అది చూడటానికి చిరునామాలా ఉన్నా నిజానికి టపా గుర్తింపు మాత్రమే, దానిని మారిస్తే ఫీడ్ చదివేవారికి పాత వ్యాసాలన్నీ కొత్తవిగా మళ్లీ వచ్చిపడతాయి. ఆల్-టేబుల్స్-విత్-ప్రిఫిక్స్ లేకపోతే వర్డ్‌ప్రెస్‌కు తెలిసిన పట్టికలనే చూస్తుంది. ప్లగిన్లు సొంతంగా చేసుకున్న పట్టికలు మిగిలిపోతాయి.

మరొక సభ్యుడు

ఇంత శ్రమ అవసరమా? ‘డబ్ల్యూపీ ఆప్షన్ అప్‌డేట్’తో సైటు చిరునామా ఉండే హోమ్, సైట్‌యూఆర్ఎల్ అమరికలు రెండింటినీ మారిస్తే సైటు కొత్త చిరునామాలో తెరుచుకుంటుంది కదా. నేను ఎప్పుడూ అంతే చేస్తాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

తెరుచుకుంటుంది. కానీ వ్యాసాల లోపలి బొమ్మలు, లంకెలు పాత చిరునామానే చూపుతాయి. పాత సర్వరు బతికి ఉన్నన్నాళ్లు అన్నీ కనిపిస్తాయి కాబట్టి లోపం తెలియదు. దానికి కట్టే డబ్బు ఆపిన రోజున తెలుస్తుంది. సైటు అసలే తెరుచుకోనప్పుడు లోపలికి వెళ్లడానికి మీ పద్ధతి పనికివస్తుంది, తరలింపుకు అది చాలదు.

ప్రశ్న అడిగినవారు

వివరణకు కృతజ్ఞతలు. ఆదేశం కొట్టగానే ‘ఇది వర్డ్‌ప్రెస్ స్థాపనలా కనిపించడం లేదు’ అనే అర్థం వచ్చే దోషం చూపింది. సైటు ఉన్న ఫోల్డరులోకి వెళ్లి కొట్టాను. ఈసారి నేను రూట్‌గా (సర్వరుపై అన్ని హక్కులూ ఉన్న వాడుకరిగా) నడుపుతున్నానని పెద్ద హెచ్చరిక ఇచ్చి ఆగిపోయింది. అలౌ-రూట్ అనేది జోడిస్తే నడుస్తుందని అందులోనే ఉంది. జోడించవచ్చా?

ఒక సభ్యురాలు

జోడించకండి. డబ్ల్యూపీ-సీఎల్ఐ నడిచినప్పుడు మీ ప్లగిన్లు, థీమ్ కూడా నడుస్తాయి. రూట్‌గా నడిపితే ఎవరో రాసిన ఆ కోడ్ చేతికి సర్వరు తాళాలన్నీ ఇచ్చినట్టే. ఉబుంటులో వెబ్ సర్వరు సాధారణంగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వాడుకరి పేరుతో నడుస్తుంది కాబట్టి ప్రతి ఆదేశానికి ముందు ‘సుడో -యు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అని చేర్చండి, ఆదేశం ఆ వాడుకరి పేరుతో నడుస్తుంది.

అప్పుడు ఇంకొక చిక్కు వస్తుంది: ఆ వాడుకరికి మీ రూట్ ఫోల్డరులో రాసే హక్కు ఉండదు. అందుకని ఎక్స్‌పోర్ట్ తరువాత ఫైలు పేరుకు బదులు ఒక్క అడ్డగీత (-) పెట్టి, దాని తరువాత ‘>’ గుర్తు పెట్టి, ఫైలు దారి ఇవ్వండి. ఫైలు రాసేది అప్పుడు మీ షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలు అందుకునే ప్రోగ్రాము) అవుతుంది గాని డబ్ల్యూపీ-సీఎల్ఐ కాదు. ఇంపోర్ట్‌కు కూడా ఒక్క అడ్డగీత, ‘<’ గుర్తు పెడితే సరిపోతుంది. సులువుగా ఉంటుందని ఎస్‌క్యూఎల్ ఫైలును సైటు ఫోల్డరులోనే పెట్టే అలవాటు చాలామందికి ఉంది, అది ప్రమాదం. ఫైలు పేరు ఊహించగలిగినవారెవరైనా బ్రౌజరులోనే డేటాబేస్ మొత్తాన్ని దింపుకోగలరు.

ఎలిమెంటర్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పేజీని జేసన్ అనే పాఠ రూపంలో దాస్తుంది, అందులో ప్రతి గీటు (/) ముందు వెనుకగీటు (\) ఒకటి చేరుతుంది. పై ఆదేశం వెతికే '//' అక్కడ దొరకదు. కాబట్టి మొదటిది నడిపాక '\/\/పాతచిరునామా' నుంచి '\/\/కొత్తచిరునామా'కు, అంతటా పీహెచ్‌పీతోనే మార్చమనే --ప్రిసైజ్ చేర్చి, రెండవసారి నడపాలి. గీట్లు లేకుండా ఉత్త డొమైన్ పేరు మారిస్తే ఒక్కసారితో అయిపోతుంది నిజమే, కానీ అప్పుడు ఆ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ చిరునామాలు కూడా మారిపోతాయి. కొత్త డొమైన్‌లో ఆ పెట్టెలు మీరు తెరవకపోతే వచ్చే ఉత్తరాలు ఎటూ చేరవు.

ప్రశ్న అడిగినవారు

డ్రై-రన్ నడిచింది. రకం అనే గడిలో వ్యాసాల పాఠానికి ఎస్‌క్యూఎల్ అనీ, అమరికల పట్టికకు పీహెచ్‌పీ అనీ ఉంది. ఇది సరేనా? ఇంకొకటి, ఏదో ప్లగిన్ దోషంతో ఆగిపోతే ప్లగిన్లను లోడు చేయకుండా నడిపే --స్కిప్-ప్లగిన్స్ వాడమని ఒక మిత్రుడు చెప్పాడు.

మొదటి జవాబు ఇచ్చినవారు

సరే. సీరియలైజ్ అయిన సమాచారం ఉన్న నిలువు వరుసను అది గుర్తించి పీహెచ్‌పీతో నెమ్మదిగా, లేనిదానిని నేరుగా ఎస్‌క్యూఎల్‌తో వేగంగా మారుస్తుంది. అమరికల పట్టికకు పీహెచ్‌పీ అని ఉంటే మీ విడ్జెట్లు భద్రమని అర్థం.

స్కిప్-ప్లగిన్స్ ఆగిపోయినప్పుడు మాత్రమే వాడండి. కొన్ని ప్లగిన్లు తమ సొంత క్లాసుల (కోడ్‌లోని నమూనాల) ప్రకారం చేసిన వస్తువులను డేటాబేస్‌లో దాస్తాయి. ప్లగిన్ లోడు కాకపోతే ఆ వస్తువును విప్పడం కుదరదు, దానిని వదిలేస్తున్నానని హెచ్చరిక చూపి ముందుకు పోతుంది. ఆ హెచ్చరిక వస్తే అక్కడ పాత చిరునామా మిగిలిందని గుర్తు పెట్టుకోండి.

డ్రై-రన్ తీసేసి నడిపాక తాత్కాలిక నిల్వను ఖాళీ చేసే ‘డబ్ల్యూపీ క్యాషె ఫ్లష్’ కొట్టండి, ఎలిమెంటర్ సాధనాలలో పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్ఎస్‌ను మళ్లీ తయారుచేయించండి.

ప్రశ్న అడిగినవారు

రెండు సార్లూ నడిపాను. విడ్జెట్లు, రంగులు, పైబొమ్మ అన్నీ తిరిగి వచ్చాయి, ఎలిమెంటర్ పేజీలలో బొమ్మలూ కనిపిస్తున్నాయి. మూడు వ్యాసాలను మళ్లీ పెట్టాను. రెండు వ్యాసాలలోని లోపలి లంకెలు మాత్రం పేజీ లేదని చూపుతున్నాయి. మిగిలిన లంకెలన్నీ బాగున్నాయి కనుక ఇది సర్వరు అమరిక లోపం కాదనుకుంటున్నాను. ఆ రెండింటి శీర్షికలూ బాగా పొడవైనవి.

ఒక సభ్యురాలు

సరిగానే పట్టుకున్నారు. మన శీర్షికతో తయారయ్యే చిరునామా తోకను వర్డ్‌ప్రెస్ శాతం గుర్తుల రూపంలో దాస్తుంది. ఒక్కొక్క తెలుగు సంకేతం ఆ రూపంలో 9 అక్షరాలవుతుంది, ఉన్న స్థలం 200. అంటే 22 సంకేతాలకు మించి పట్టదు. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు సంకేతాలు. ఎవరో ఆ లంకెలను పూర్తి శీర్షికతో చేత్తో రాసి ఉంటారు, కాని అసలు తోక మధ్యలోనే తెగి ఉంటుంది. ‘డబ్ల్యూపీ పోస్ట్ లిస్ట్ --ఫీల్డ్స్=ఐడీ,పోస్ట్_నేమ్’ కొట్టి నిజమైన తోకలు చూసుకొని, ఆ రెండు లంకెలను దిద్దండి. తోకలను మాత్రం మార్చవద్దు, వాటిని ఇతర సైట్లవారు ఉదహరించి ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చూశాను, మీరన్నట్టే తెగి ఉన్నాయి. లంకెలు రాసినది బాబాయే! దిద్దాను, ఇప్పుడు తెరుచుకుంటున్నాయి. పాత సర్వరును ఇంకొక నెల ఉంచి ఆపేస్తాను.