పై పోర్షన్ల కిరాయికి టాక్స్ లెక్క ఎలా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి):
అందరికీ నమస్కారం. రిటైరయ్యాను, పెన్షన్ ఏడాదికి 6,20,000. కింద మేముంటాం. పైన కొత్తగా రెండు పోర్షన్లు వేయించి 2025 ఏప్రిల్ నుంచి కిరాయికిచ్చాం. ఒకటి 14,000, ఇంకోటి 11,000. పద్నాలుగు వేలాయన నిన్న మెట్ల దగ్గర ఆపి, "అంకుల్, మీ పాన్ నంబర్ కావాలి, ఆఫీసులో అడుగుతున్నారు" అన్నాడు. ఇవ్వాలా, వద్దా? రెండో పోర్షన్ మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉంది. అప్పుడు రంగులకు 22,000 అయింది, అది కిరాయిలోంచి తీసేయొచ్చా?

జవాబు:
పాన్ ఇచ్చేయండి సార్. ఏడాదికి లక్ష దాటి కిరాయి కట్టేవాళ్లు హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఓనర్ పాన్ ఇవ్వాల్సిందే. మీరు దాచినా ఆయన కాగితాల్లో మీ కిరాయి కనిపిస్తుంది.

ఇక లెక్క. నిండుగా ఉంటే 3,00,000. ఖాళీగా ఉన్న రెండు నెలల కిరాయి 22,000 తీసేస్తే 2,78,000. ఇందులోంచి జీహెచ్‌ఎంసీకి కట్టిన ఇంటి పన్ను తీసేయాలి. మొత్తం ఇంటికి కాదు, పై అంతస్తు వాటా మాత్రమే. అది 4,000 అనుకుందాం, మిగిలింది 2,74,000. దీని మీద 30 శాతం, అంటే 82,200, రసీదులేవీ అడగకుండా తగ్గిస్తారు. మిగిలిన 1,91,800 మీ ఆదాయం.

రంగుల ఖర్చు ఆ 30 శాతంలోనే కలిసిపోయింది. 22,000 పెట్టినా, రెండు లక్షలు పెట్టినా, పైసా పెట్టకపోయినా అంతే తగ్గింపు. నాకైతే ఇది ఓనర్లకు లాభమే అనిపిస్తుంది. ఏటా ఎవరు రంగులేయిస్తారు చెప్పండి!

పెన్షన్‌లో స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఒకేలా ఇచ్చే తగ్గింపు) 75,000 తగ్గించి ఇది కలిపితే 7,36,800. కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) 2025-26కి 12 లక్షల దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి మీకు టాక్స్ సున్నా. కానీ ఆదాయం 4 లక్షలు దాటింది కదా, రిటర్న్ మాత్రం వేయాలి.

మల్కాజిగిరి:
హమ్మయ్య, రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. ఇంటి పన్ను రసీదులు ఓ పాత పెళ్లికార్డు కవరులో దాచాను. ఏప్రిల్‌లోనే కట్టి 5 శాతం ఎర్లీ బర్డ్ తగ్గింపు కూడా తీసుకున్నా.

జవాబు:
అయితే తగ్గింపు పోను చేతి నుంచి కట్టిందే రాయండి. ఇంకోటి, పన్ను ఏ సంవత్సరానిది అన్నది కాదు, ఏ సంవత్సరంలో కట్టారన్నదే లెక్క. బకాయి పెట్టి తర్వాత కడితే, కట్టిన ఏడాదిలోనే తగ్గుతుంది.

ఇంకొకరు (నిజాంపేట నుంచి):
అన్నా, నాదీ ఒక డౌట్. ఫ్లాట్ కిరాయి 28,000, లోన్ వడ్డీ ఏడాదికి 3,60,000. ఇంటి పన్ను 6,000. మా ఆఫీసులో నేను కొత్త విధానం పెట్టుకున్నా.

జవాబు:
మీ దగ్గరే అసలు తిరకాసు. 3,36,000లో ఇంటి పన్ను పోతే 3,30,000. 30 శాతం పోతే 2,31,000. వడ్డీ తీసేస్తే 1,29,000 నష్టం. పాత విధానంలో అయితే ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు, ఏడాదికి 2 లక్షల వరకు. కొత్త విధానంలో జీతంలోంచి తగ్గించనివ్వరు, పై ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. కిరాయి మీద టాక్స్ పడదు, అంతవరకే లాభం. ఆఫీసులో ఏది పెట్టినా, జీతం మీదే బతికేవాళ్లు గడువులోపు రిటర్న్ వేసేటప్పుడు మార్చుకోవచ్చు. రెండు విధాలా లెక్కేసుకుని చూడండి.

నిజాంపేట:
కిరాయి మా ఆవిడ ఖాతాలో వేయించుకుంటే?

జవాబు:
ఫ్లాట్ మీ పేరున ఉంటే ఆదాయం మీదే తమ్ముడూ. డబ్బు ఏ ఖాతాలో పడ్డా ఒకటే.

మల్కాజిగిరి:
మరి రెండు నెలల అడ్వాన్సు తీసుకున్నాను, అదీ చూపించాలా?

జవాబు:
తిరిగిచ్చే డబ్బు కదా సార్, అది ఆదాయం కాదు. ఖాళీ చేసేటప్పుడు కిరాయి కింద జమ చేసుకుంటే మాత్రం అంత మేరకు కిరాయే.

మల్కాజిగిరి:
పాన్ కాగితం మీద రాసి ఇప్పుడే పైకి పంపించాను. పిల్లాడు దాంతో పాటు నీళ్ల బిల్లు కూడా పట్టుకెళ్లాడు.