0.1 + 0.2 ఎందుకు 0.3 కావడం లేదు? మామిడికాయల లెక్క తెగలేదు

పాకాల కుర్రోడు:
తిరుపతిలో బీటెక్ మొదటి సంవత్సరం, సీఎస్‌ఈ. పైథాన్ మొదలుపెట్టి మూడు వారాలైంది. మా నాయన తోతాపురి కాయలు దామలచెరువు మండీకి తోలతాడు. ఆయన లెక్కకని చిన్న ప్రోగ్రాం రాశా. ఒక లోడు 0.1 టన్ను, ఇంకోటి 0.2. మొత్తం 0.3 అయితే ‘సరిపోయింది’ అని రావాలి. ‘తేడా ఉంది’ అంటోంది! ప్రింట్ చేస్తే 0.30000000000000004. ‘నోటిలెక్కలో నాకు రాని తేడా దానికెట్లా వచ్చిందిరా’ అని నాయన ఒకటే నవ్వు. తప్పెక్కడ?

కొర్లగుంట సీనియర్:
రౌండ్ పెట్టెయ్ తమ్ముడూ. దీనికి టెన్షన్ దేనికి?

చిత్తూరు అయ్యోరు (లెక్కలు, రిటైర్డ్):
రౌండ్ పెడితే తేడా కనపడదు, అంతే. ఎందుకొచ్చిందో చూద్దాం.

మా అవ్వ అర, కాలు, పరక, వీసం అని లెక్కపెట్టేది. పరక ఎనిమిదో వంతు, వీసం పదహారో వంతు. ప్రతిదీ ముందుదాంట్లో సగం. కంప్యూటర్‌కు చుక్క తర్వాత ఉండేవి ఈ వంతులే. వాటితో పదో వంతు కట్టి చూడు. పరక 0.125, ఎక్కువైపోయింది. వీసం, అరవీసం కలిపితే 0.09375, చాలదు. 256వ వంతు, 512వ వంతు కూడా వేస్తే 0.099609375. ఎంత దూరం పోయినా తెగదు, మనకు మూడో వంతు 0.333 అని సాగినట్టే. కంప్యూటర్ దగ్గరున్నది 64 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే గళ్లు: ప్లస్సో మైనస్సో చెప్పే గుర్తుకు 1, చుక్క ఎక్కడుండాలో చెప్పే ఘాతానికి 11, అంకెలకు 52. అంతటితో ఆపి, దగ్గరి విలువ వేసుకుంటుంది. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం 1985లో పెట్టిన 754 నంబరు పద్ధతి ఇది. జావా భాషలో ‘డబుల్’ అనే దశాంశ సంఖ్యల రకం వాడినా ఇదే గొడవ.

1957లో రూపాయికి వంద నయాపైసలు వచ్చినప్పుడూ అంతే, రూపాయిలో పదహారో వంతైన అణాకు ఆరుంపావు రావాలి, చేతికి ఆరే వచ్చేవి.

అది సరే, కాటా చీటీలో కిలోలుంటాయి కదా, టన్నులెందుకు చేశావు? 100, 200 అని పూర్ణాంకాలే ఉంచు. డబ్బులు పైసల్లో.

పాకాల కుర్రోడు:
కిలోల్లోకి మార్చా అయ్యోరా, సరిపోయింది! 0.5 + 0.25 అయితే మార్చకుండానే 0.75 వచ్చింది. 0.1ని లూప్‌లో పదిసార్లు కూడితే మాత్రం 0.9999999999999999. నాయన కిలోలే చెప్పాడు. టన్నులైతే స్టైలుగా ఉంటాయని నేనే మార్చా.

కొర్లగుంట సీనియర్:
చుక్క తప్పదనుకుంటే పైథాన్‌లో పదో వంతుల్లోనే లెక్కపెట్టే డెసిమల్ మాడ్యూల్ వాడు. 0.1ని కొటేషన్లలో పెట్టి ఇవ్వు, లేకపోతే పాత తేడానే లోపలికి పోతుంది. నేను ఒక రాత్రంతా దాంతోనే పోయా.