తోటి తల్లుల పాల సలహా బృందానికి ప్రభుత్వ నిధులు ఎలా అడగాలి?

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. కాన్పయిన వాళ్ల ఇళ్లకు మేం కొందరు తల్లులం వెళ్లి, బిడ్డను రొమ్ముకు ఎలా పట్టించాలో చూపిస్తుంటాం. ముర్రుపాలు పిండి పారబోయడం, "పాలు పడలేదు" అని రెండో రోజే డబ్బా తేవడం ఇంకా ఉన్నాయి. గోడ మీద పోస్టర్ చూస్తే బాలింతకు ధైర్యం రాదు. తనలాగే పాలిచ్చిన మనిషి పక్కన కూర్చుంటే వస్తుంది.

తల్లిపాలను ప్రోత్సహించడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన 'మా' (MAA) అనే కార్యక్రమంలో మూడు నెలలకోసారి తల్లుల మీటింగ్ పెట్టినందుకు ఆశా వర్కర్‌కు 100 రూపాయలు పెట్టారు. మాలాంటి వాళ్లకు ఏమీ లేదు. మాకు జీతం అక్కర్లేదు. కానీ తండాలకు ఆటో ఛార్జీ కూడా సొంతంగా పెట్టుకోమంటే కూలికి వెళ్లే తల్లులు ఎలా వస్తారు?

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి వచ్చే అన్‌టైడ్ నిధుల్లోంచి (ఫలానా పనికే అని కట్టుబాటు లేని డబ్బు) ఈ ఖర్చుకు తీర్మానం చేయించవచ్చా? మీ ఊళ్లో చేశారా? అర్జీ ముందు సర్పంచ్ గారికి ఇవ్వాలా, పీహెచ్‌సీ డాక్టరు గారికా? తీర్మానం నకలు ఉంటే పేర్లు తీసేసి పెట్టండి, ప్లీజ్.

డబ్బా పాల కంపెనీల స్పాన్సర్‌షిప్ మాత్రం చెప్పకండి. తల్లుల దగ్గర వాళ్ల ప్రచారాన్ని 1992 చట్టమే నిషేధించింది.