కాలు వాచిన పావురం కీ పొడవడం తగ్గిస్తే, నేర్చుకున్నది మర్చిపోయినట్టా?

లేతనీలం:
అమెరికాలో ఒక సైకాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. స్కిన్నర్ బాక్స్‌లో, అంటే చెప్పిన పని చేస్తే మేత దొరికే ప్రయోగాల పెట్టెలో, నా పావురం 14వ నంబరుది. గోడకున్న వెలిగే బిళ్ళని (దాన్నే కీ అంటాం) 30 సార్లు పొడిస్తే గింజల తొట్టి మూడు సెకన్లు తెరుచుకుంటుంది. ఎనిమిది నెలలుగా ఏ తడబాటూ లేదు. సోమవారం నుంచి ఎడమకాలు ఎత్తిపెట్టుకుని నిలబడుతోంది, పాదం కింద వాపు. గింజలు తిన్నాక మళ్ళీ మొదలుపెట్టడానికి ఇదివరకు ఆరేడు సెకన్లు పట్టేది, ఇప్పుడు నిమిషం దాటుతోంది. విచిత్రమేంటంటే, మొదలుపెట్టిందంటే మాత్రం 30 పొడుపులూ పాత వేగంతోనే టకటకా కొట్టేస్తుంది. పక్క సీటతను "ట్రైనింగ్ పోయింది, మొదటినుంచి నేర్పు" అంటున్నాడు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అయినా పొడిచేది ముక్కుతో కదా, కాలికేం సంబంధం?

గింజలతొట్టి:
మర్చిపోయిన పక్షి పాత వేగంతో కొట్టదండీ. లెక్కపెట్టి మేత ఇచ్చే పద్ధతిలో పొడుపుల సంఖ్య పెంచితే ముందు సాగేది తిన్నాక తీసుకునే విరామమే, వేగం పెద్దగా మారదు. మీరు సంఖ్య పెంచలేదు, కానీ వాపు ఒక్కో పొడుపు కష్టాన్ని పెంచింది. పొడిచిన ప్రతిసారీ ఒళ్ళు ముందుకు ఊగుతుంది, ఆ బరువంతా కాళ్ళ మీదే. 30ని 5కి దించి చూడండి. విరామం తగ్గిందా, నేర్పు ఉన్నట్టే.

కోళ్ళడాక్టరు:
పరీక్షలు తర్వాత చేసుకోవచ్చు, ముందు బాక్స్‌లోంచి తీయండి! ఆకలి ఉండాలని బరువు మామూలులో 80 శాతానికి దించి ఉంచుతారుగా? వాపున్న పక్షికి అది తగదు. కడుపునిండా మేత పెట్టి వెటర్నరీ వాళ్ళకు చూపించండి. పక్షి అరవదు కాబట్టి నొప్పి లేదనుకోకండి. 2000లో అచ్చైన బ్రిటన్ అధ్యయనంలో కుంటి బ్రాయిలర్ కోళ్ళ ముందు రెండు రంగుల దాణా పెట్టారు. ఒకదాంట్లో కార్ప్రోఫెన్ అనే నొప్పిమందు కలిపారు. కుంటితనం ఎక్కువైన కొద్దీ మందున్న దాణా ఎక్కువ తిన్నాయి.

లేతనీలం:
చూపించాను సార్. పాదం కింద నల్లటి పెచ్చు, బంబుల్‌ఫుట్ (పక్షుల పాదానికి వచ్చే ఇన్‌ఫెక్షన్) అన్నారు. కట్టు కట్టి రెండు వారాలు సెలవిచ్చారు. పంజరంలో గింజలు దగ్గర పెడితే కూర్చునే తింటోంది, ఆకలైతే బానే ఉంది. ఒక సందేహం: ఈ నాలుగు రోజుల డేటా తీసేయనా?

గింజలతొట్టి:
తీసేయకండి. పక్కన "ఎడమపాదం వాపు" అని రాసి ఉంచండి. తిరిగొచ్చాక 5తో మొదలుపెట్టండి, నేరుగా 30 వద్దు.