అప్‌డేట్: పోస్టర్ ప్రింట్‌లో తెలుగు ఒత్తులు విడిపోవడం – పరిష్కారం దొరికింది

కాన్ఫరెన్స్ పోస్టర్ పీడీఎఫ్ నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది, గుంటూరులో ప్రింట్ షాపుకి తీసుకెళ్తే ఒత్తులు విడిపోతున్నాయని ఇక్కడ అడిగాను. మిరపలో నల్ల తామర పురుగు మీద పోస్టర్ అది. రైతులు కూడా చదవాలని పట్టుబట్టి తెలుగులో చేశాను, అందుకే అంత టెన్షన్ పడ్డాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

షాపులో డీటీపీ చేసే అన్న పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. వాళ్లు పీడీఎఫ్‌ను నేరుగా ప్రింట్‌కి పంపరు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లోకి ఇంపోర్ట్ చేసి సైజు సరిచూస్తారు. అక్కడ టెక్స్ట్‌గా తెరుచుకోగానే యూనికోడ్ అక్షరాలు చెదిరిపోతున్నాయి. ‘యాజమాన్యం’లో యవత్తు ఊడిపోయి ‘న్‌యం’ అని పక్కపక్కనే పడింది.

మీరిచ్చిన వాటిలో పనిచేసిన సలహా: ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అంతా సెలెక్ట్ చేసి ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొట్టి, అప్పుడు పీడీఎఫ్ తీయడం. అక్షరాలు గీతలుగా మారిపోతాయి కాబట్టి ఏ సిస్టమ్‌లోనైనా అలాగే వస్తాయి. కాకపోతే ఆ తర్వాత దిద్దలేం, ఒరిజినల్ ఫైలు వేరుగా దాచుకోండి.

మిగతా సలహాలు – ఫాంట్ మార్చడం, సీఎంవైకే (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి)లోకి మార్చడం – వీటికీ దీనికీ సంబంధం లేదు. అను ఫాంట్లలో (డీటీపీ షాపుల్లో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మళ్లీ టైపు చేయాల్సిన అవసరమూ రాలేదు.

ఏ0 (841 × 1189 మి.మీ.) వేయించే ముందు శీర్షిక ముక్కను ఏ4 మీద తీయించాను. ఒత్తులన్నీ సరిగ్గా వచ్చాయి.