గంటసేపు గొరిల్లాల ముందు నిలబడడానికి 1500 డాలర్లు: అడవిని కాపాడడమా, డబ్బున్నవాళ్లకే రాసివ్వడమా?

సాగరతీరం

అందరికీ నమస్కారం. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లయి పాతికేళ్లు. పిల్లల చదువులు గట్టెక్కాయి కాబట్టి జీవితంలో ఒక్క పెద్ద ప్రయాణం చేద్దామని నాలుగేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం. మాల్దీవుల్లో నీళ్ల మీద గది, స్విట్జర్లాండ్‌లో మంచు రైలు అంటూ చుట్టాలందరూ తలా ఒకటి చెప్పారు. మా ఆవిడకు అవేవీ ఎక్కలేదు. ఆమె జువాలజీ లెక్చరర్. పర్వత గొరిల్లాను దాని అడవిలోనే చూడాలంది. మనం జూలలో చూసేవి వేరే రకం, ఇవి ఏ జూలోనూ లేవు. రువాండా, ఉగాండా, కాంగో కలిసే చోట ఉన్న విరుంగా కొండల్లోనూ, ఉగాండాలోని బ్విండీ అడవిలోనూ తప్ప ఇంకెక్కడా కనిపించవు.

ట్రావెల్ ఏజెంట్ లెక్క పంపాడు. రువాండాలో పర్మిట్ మనిషికి 1500 డాలర్లు, అంటే లక్షా పాతిక వేల పైమాటే. గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది గంట. విమానం, బస, బండి వేరే. 2017 మే దాకా ఇదే పర్మిట్ 750 ఉండేదట, ఒక్కసారిగా రెట్టింపు చేశారు.

హోటల్ ఖరీదుతో నాకు పేచీ లేదు. రాత్రికి వేల డాలర్ల లాడ్జిలు అక్కడ ఉన్నాయి, వద్దనుకుంటే మామూలు గదిలో పడుకుంటాను. పర్మిట్ విషయంలో ఆ వీలు లేదు. అడవి, అందులోని జంతువు ఏ ఒక్కరి సొత్తూ కాదు కదా. కాపాడడం పేరుతో దాన్ని బాగా డబ్బున్నవాళ్ల విలాసంగా మార్చేస్తున్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నా ఆలోచన తప్పయితే ఎక్కడ తప్పో కూడా చెప్పండి.

కంపాలా తెలుగోడు

అన్నా, నేను కంపాలాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మీ బాధ అర్థమైంది కానీ మీ మాటతో ఏకీభవించలేను. ముందు నేను చూసింది చెప్తాను, ఆ తర్వాత వాదించుకుందాం.

బ్విండీలో రుషాగ వైపు వెళ్లాను. కంపాలా నుంచి కారులో దాదాపు పది గంటలు. పొద్దున్నే ఆఫీసు దగ్గర కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందే. పది మీటర్ల దూరం, మాస్కు తప్పనిసరి, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు. మాతో రావాల్సిన ఒకాయన రెండుసార్లు దగ్గాడు, ఆపేశారు. ఆయన ముఖం చూస్తే జాలేసింది, అయినా ఎవరూ నోరు మెదపలేదు.

తర్వాత మూడు గంటల నడక. అడవిలో దారంటూ లేదు. గైడు కత్తితో తీగలు కొట్టుకుంటూ ముందు నడుస్తాడు. ట్రాకర్లు అప్పటికే, తెల్లవారుతుండగానే, గొరిల్లాలు రాత్రి పడుకున్న గూళ్లు వెతికి అక్కడి నుంచి జాడ పట్టుకుంటూ పోయారు. వైర్‌లెస్‌లో పిలుపు వచ్చాక మా గైడు వేగం పెంచాడు. దురదగొండిలాంటి ఆకొకటి ప్యాంటులోంచి కూడా కుట్టింది. ఒక మలుపు తిరిగేసరికి చేతికర్రలు కింద పెట్టేయమని సైగ చేశాడు.

కుటుంబానికి పెద్దయిన మగది, వీపు మీద వెండి రంగు వెంట్రుకలుంటాయి కాబట్టి వెండివీపు అంటారు, వెదురు పక్కన కూర్చుని ఉంది. అంత పెద్ద శరీరం, వేళ్లు మాత్రం పూలు గుచ్చేవాళ్ల వేళ్లలా నెమ్మదిగా కదులుతున్నాయి. ఒక తీగను నోటికి అడ్డంగా పెట్టుకుని సర్రున లాగితే ఆకులన్నీ పళ్ల మధ్య మిగిలిపోయాయి. నమిలే చప్పుడు చెరకు కొరికినట్టు మాదాకా వినిపించింది. మా గైడు గొంతు సవరించుకున్నట్టు "మ్‌మ్‌హ్మ్" అన్నాడు. అది తలెత్తకుండానే అదే శబ్దం తిరిగి చేసింది. "మేమొచ్చాం, భయం లేదు" అని ఇతను అంటే "సరే" అని అది అందన్నమాట. పిల్లొకటి గుండెల మీద కొట్టుకోబోయి వెల్లకిలా పడి అమ్మ ఒళ్లోకి పారిపోయింది. ఒక్కోదాని ముక్కు మీద ముడతలు ఒక్కో రకంగా ఉంటాయట, మన వేలిముద్రల్లాగా. ట్రాకర్లు వాటిని బట్టే పేరు పెట్టి పిలుస్తారు.

ఇప్పుడు అసలు మాట. మేం ఎనిమిది మందిమే కాబట్టి ఆ నిశ్శబ్దం దొరికింది. ఎనభై మంది అయితే అది గొరిల్లాలకు నరకం. కోరుకునేవాళ్లు లక్షల మంది, రోజూ ఇవ్వగలిగేది కొద్ది పర్మిట్లే. మరి ధర ఎక్కువ ఉండక ఏమవుతుంది?

పశువైద్యం రెండో అడుగు

నేను వెటర్నరీ చదువుతున్నాను, ఒక్క విషయం చేరుస్తాను. మనకూ గొరిల్లాకూ జన్యువుల్లో 98 శాతం దాకా పోలిక. అందుకే మన జలుబు వాటికి అంటుకుని న్యుమోనియా దాకా పోగలదు. 2019లో వెలువడిన లెక్క ప్రకారం మొత్తం కలిపినా ఉన్నవి 1063. ఒక్క కుటుంబానికి జబ్బు సోకినా ఆ లెక్కలో పెద్ద గండి పడుతుంది. ఎనిమిది మంది, గంట అన్న నియమం దర్జా కోసం పెట్టింది కాదు. ఆ ఎనిమిది మంది ఎవరన్నది మాత్రం సాగరతీరం గారు అడగాల్సిన ప్రశ్నే.

నల్లమల వాసి

మాది అచ్చంపేట దగ్గర. పులుల అడవిని ఆనుకుని పెరిగినవాణ్ని, కాబట్టి ఈ విషయం నాకు పుస్తకంలో చదివింది కాదు.

బ్విండీ 1991లో నేషనల్ పార్కు అయింది. దానికి ముందు ఆ అడవిలో బట్వాలు అనే ఆదివాసులు ఉండేవారు. వేట, తేనె, దుంపలు, మందు మొక్కలు, అన్నీ అక్కడే. పార్కు పెట్టగానే వాళ్లను బయటికి పంపేశారు. వాళ్లు గొరిల్లాల్ని వేటాడి బతికినవాళ్లు కూడా కాదు. ఇప్పుడు అదే అడవి అంచున కూలీ పని చేసుకుంటున్నారు, కొందరు వచ్చే టూరిస్టులకు పాత బతుకును ఆటపాటల్లో చూపించి నాలుగు డబ్బులు అడుగుతున్నారు. వాళ్ల తాతలు పుట్టిన చెట్టు కిందికి వాళ్లు పోలేరు, మీరు 1500 డాలర్లతో పోవచ్చు. అన్నా, ఇదీ నన్ను తినేసే విషయం. మీరు పోగలరా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న.

మా దగ్గర చెంచుల్ని చూస్తున్నాను. అమ్రాబాద్ అడవి నుంచి పెంటలు, అంటే చెంచుల గూడేలు, ఖాళీ చేయాలన్న మాట ఎప్పుడు వచ్చినా ఆ ఇళ్లలో ఎంత టెన్షనో పక్క ఊరివాళ్లకు తెలుస్తుంది. అయితే ఇక్కడ ఒక మంచి పని కూడా జరిగింది. చెంచు యువకులు అటవీ శాఖలో వాచర్లుగా, ట్రాకర్లుగా చేస్తున్నారు. పులి అడుగు చూసి ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. అడవిలో పుట్టినవాణ్ని కాపలాకు పెట్టుకుంటే అడవీ నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు. ధర ఎంతయినా పెట్టుకోండి, ఆ డబ్బులో బట్వాలకు పోయేదెంత? దానికి జవాబు చెప్పకుండా "కాపాడుతున్నాం" అంటే నేను నమ్మను.

సాగరతీరం

కంపాలా తమ్ముడూ, నువ్వు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ గొంతు సవరించుకునే దగ్గర ఆమె కళ్లు చెమర్చాయి. ఎనిమిది మందే అన్న నియమానికి నేను రెండు చేతులా దండం పెడతాను.

కానీ ఎనిమిది మందే అన్నంత మాత్రాన డబ్బు ఎక్కువ ఉన్న ఎనిమిది మందే ఎందుకు కావాలి? మన తిరుమలనే చూడండి. సుప్రభాతం, తోమాల, అర్చన సేవలకు చోటు కొద్ది, అడిగేవాళ్లు కోకొల్లలు. అందుకే లక్కీ డిప్ పెట్టారు. పేరు నమోదు చేసుకుంటాం, తగిలితే వెళ్తాం, లేకపోతే మళ్లీ నెల చూస్తాం. తగలకపోయినా మనసు కష్టపడదు, ఎందుకంటే కోటీశ్వరుడి పేరూ మన పేరూ అదే డిప్‌లో ఉన్నాయి. అదే చోట శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇస్తే బ్రేక్ దర్శనం దొరుకుతుంది. ఈ రెండో పద్ధతి మీద మన ఇళ్లలో ఎంత వాదన నడుస్తుందో మీకందరికీ తెలుసు. రువాండా ఆ రెండో దారి ఒక్కటే ఉంచి మొదటిది పూర్తిగా మూసేసింది. రోజూ పర్మిట్లలో పదో వంతైనా తక్కువ ధరకు డిప్‌లో పెట్టవచ్చు కదా?

కంపాలా తెలుగోడు

డిప్ ఆలోచన బాగుంది అన్నా, పదో వంతుకైతే నేను ఒప్పుకుంటాను. అన్నిటికీ అంటే ఒప్పుకోను. తిరుమల కొండకు హుండీ ఉంది, ఈ కొండలకు పర్మిటే హుండీ. ఉగాండా వన్యప్రాణి శాఖ రాబడిలో పెద్ద భాగం గొరిల్లాల నుంచే వస్తుంది. టూరిస్టు ముఖం చూడని పార్కుల కాపలా జీతాలు కూడా ఆ డబ్బుతోనే నడుస్తాయి.

డబ్బు ఆగిపోతే ఏమవుతుందో మేం చూశాం. 2020 మార్చిలో కరోనాతో పర్యటనలు ఆగాయి. అడవి చుట్టూ కూలి పోయింది, గదులు మూతపడ్డాయి, మనుషులు ఉచ్చులు పట్టుకుని అడవిలోకి దిగారు. జూన్‌లో న్కురింగో అనే గొరిల్లా కుటుంబం పెద్ద, రఫీకి అనే వెండివీపు, బల్లెం పోటుకు చనిపోయింది. అడవిపందుల్లాంటి వాటి కోసం వచ్చానని, మీదికొస్తే పొడిచానని వేటగాడు చెప్పాడు. పదకొండేళ్ల జైలు వేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో ఇక్కడివాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడుకున్నారు.

ఇంకో మాట, ఇది స్థానికులకు మూసేసిన తలుపు కాదు. తూర్పు ఆఫ్రికా దేశాలవాళ్లకు ఉగాండాలో పర్మిట్ మూడు లక్షల షిల్లింగులే, వంద డాలర్లు కూడా కాదు. రువాండా పౌరులకు అక్కడ 200 డాలర్లు. పూర్తి ధర పడేది మనలాంటి బయటివాళ్లకే.

ఏలూరు అక్క

నేను రెండేళ్ల కింద రువాండా వెళ్లాను. మా అబ్బాయి అమెరికా నుంచి పంపించాడు, పెద్ద లాడ్జిలోనే ఉన్నాం. గదిలో చలిమంట, కిటికీలో అగ్నిపర్వతం, బూట్లు కూడా వాళ్లే కడిగి పెట్టారు. అదంతా బాగానే ఉంది, కానీ నాకు మనసులో ముద్ర పడింది గది కాదు.

పార్కు అంచున నడుము ఎత్తు రాతిగోడ ఒకటి ఉంది, అడవి దున్నలు పొలాల మీద పడకుండా కట్టింది. గోడకు ఆ పక్క అడవి. ఈ పక్క, గోడ రాయిని తాకుతూ, బంగాళాదుంప చాళ్లు. మధ్యలో గజం ఖాళీ లేదు. ఒక ఆవిడ వీపున బిడ్డను కట్టుకుని అక్కడే కలుపు తీస్తోంది. కిక్కిరిసిన దేశం, నేల బంగారం. 1960ల చివర్లో దోమల మందుకు వాడే పైరెత్రం పూల సాగు కోసం ఆ పార్కులో సుమారు నలభై శాతం కొట్టేశారని గైడు చెప్పాడు. మిగిలింది మొత్తం 160 చదరపు కిలోమీటర్లే. ఆ గోడ దాటి ఒక్క చాలు కూడా ముందుకు పోకూడదంటే, అడవి ఆ ఆవిడ ఇంట్లో అన్నం పెట్టాలి. రాబడిలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తారు, 2017కు ముందు అయిదే ఉండేది. బడి, నీళ్ల ట్యాంకు నేను కళ్లారా చూశాను.

నా సంచి మోసిన అతను తన తండ్రి ఉచ్చులు పెట్టేవాడని చెప్పాడు. జారే చోట నా మోచెయ్యి పట్టుకుని, నేను కుదురుకునేదాకా వదల్లేదు.

నల్లమల వాసి

అక్కా, మీరు రాసిన గోడ నా కళ్ల ముందుంది. పది శాతం ఇస్తున్నారు, మంచిదే. కానీ ఊరికి ఇచ్చేది ఊళ్లో నేల ఉన్నవాడికి, నోరున్నవాడికి ముందు చేరుతుంది. బట్వాలకు చాలామందికి నేల లేదు. 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం వాళ్లకు అన్యాయం జరిగిందని తీర్పు ఇచ్చింది, ప్రభుత్వం అప్పీలుకు పోయింది. గొరిల్లాల లెక్క పెరిగినందుకు నాకూ సంతోషమే. విరుంగాలో 1980ల్లో రెండున్నర వందలకు పడిపోయినవి 600 దాటాయి. అదే శ్రద్ధతో ఖాళీ చేయించిన కుటుంబాల్ని కూడా లెక్కపెట్టి, ఒక్కో ఇంటికి ఏం ఇచ్చారో చెప్పమంటున్నాను. 1500ని 2000 చేసినా నేను అడ్డు చెప్పను, ఆ పెంచిన 500 నేరుగా వాళ్ల చేతికి పోతే.

కంపాలా తెలుగోడు

దీనికి నా దగ్గర ఎదురు వాదన లేదు అన్నా. బట్వాల విషయంలో ఇక్కడ జరిగింది తప్పు. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉండి నేను మాట్లాడాల్సినంత మాట్లాడలేదు.

సాగరతీరం

రాత్రి ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. రువాండా వద్దనుకున్నాం. ఉగాండాలో పర్మిట్ 800, ఇద్దరికీ కలిపి 1400 డాలర్లు మిగులుతాయి. దారి కష్టమే, పది గంటల ప్రయాణం మా ఆవిడకు అలవాటు లేదు, అయినా సరేనంది. ధర విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. ఆమె దగ్గర చదువుకునే పిల్లలు, ప్రభుత్వ కాలేజీలో జువాలజీ చదివే పిల్లలు, ఎంత ప్రతిభ ఉన్నా ఆ వెదురు పక్కకు ఎప్పటికీ చేరలేరు. ఆ పదో వంతు డిప్ గురించి రెండు దేశాల పర్యాటక శాఖలకూ ఉత్తరం రాస్తున్నాం, ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టేసింది. నల్లమల అన్నా, బట్వాల పేరా మీరొకసారి చూసి దిద్దుతారా?

తమ్ముడూ, ఆమెకు కుడి మోకాలు నొప్పి. మూడు గంటల నడకంటే భయపడుతోంది. ఏం చేయాలి?

కంపాలా తెలుగోడు

పర్మిట్ తీసుకునేటప్పుడే మోకాలి సంగతి చెప్పండి, దగ్గరలో ఉన్న కుటుంబానికి కేటాయించమని అడగవచ్చు. అప్పటికీ కుదరకపోతే మంచంలాంటి పల్లకీ ఉంటుంది, మనుషులు మార్చుకుంటూ మోస్తారు. ఇక్కడ దాన్ని హెలికాప్టర్ అంటారు. ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది, కానీ అది మోసేవాళ్ల చేతికి వెళ్లే కూలి. మీరిద్దరూ తలొక పోర్టర్‌ను పెట్టుకోండి, సంచి తేలికగా ఉన్నా సరే. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. తోటపనికి వాడే మందపాటి చేతి తొడుగులు మర్చిపోవద్దు. కంపాలాలో మా ఇంట్లోనే దిగండి, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరదాం, కారు నేనే నడుపుతాను.

నల్లమల వాసి

ఉత్తరం పంపండి అన్నా. ఈ ఆదివారం మా ఊరి చెంచు వాచర్ ఒకాయనకు చదివి వినిపించి, ఆయన చెప్పింది కూడా చేర్చి తిరిగి పంపుతాను.