క్రోమ్‌లో ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ర్యామ్ అంతా తినేస్తోంది, ఏం చేయాలి?

కావలిలో మాకు చిన్న జిరాక్స్, నెట్ షాపు ఉంది. పాత సిస్టమ్, 4 జీబీ ర్యామ్. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి బిగుసుకుపోతుంది. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్‌లో చూస్తే, ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ఒక్కటే 1 జీబీ దాటి ఉంటోంది. అక్కడే ఎండ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే తగ్గుతుంది, తర్వాత మెల్లగా ఎక్కుతుంది. ఎక్స్‌టెన్షన్లు లేని ఇన్‌కాగ్నిటోలో ఈ గొడవే లేదు. అదనపు ఫిల్టర్ లిస్టులు (ఏ ప్రకటనలు ఆపాలో చెప్పే జాబితాలు) తీసేసినా అంతే.

పూర్తిగా తీసేద్దామంటే కస్టమర్ల ముందు పాపప్‌లు పరువు తీస్తాయి. ర్యామ్ పెంచమని మాత్రం చెప్పకండి, పెంచితే అదీ తినేస్తుంది! డెవలపర్ మోడ్‌లో హీప్ స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో మెమరీలో ఏమేం ఉన్నాయో చూపే నకళ్లు) రెండు తీసి పోల్చమని ఒకరన్నారు. అందులో ఏ కాలమ్ చూడాలి? లేక ముందు కొత్త ప్రొఫైల్‌లో ఇదొక్కటే వేసి చూడమంటారా?